కాయలు పండని జిల్లా

సునంద టీచరు చేసిన నేరమల్లా ఒక్కటే. ఒక మధ్యాహ్నం ఆవిడ క్లాసులో పిల్లలకి లెక్కలు అర్థమయ్యాయి.

వేగిలపాడు హైస్కూల్లో అలాంటివి సాధారణంగా జరగవు. అక్కడ తొమ్మిదో తరగతికి లెక్కల పీరియడు మధ్యాహ్న భోజనం కాగానే ఉంటుంది. పప్పన్నం తిని వచ్చిన పిల్లల ముందు లెక్కలు పెడితే ఏమవుతుందో టైంటేబులు వేసినవాళ్లకి తెలియక కాదు. ఆ రోజు కరెంటు కూడా పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. పాఠం సంభావ్యత. నాణెం ఎగరేస్తే బొమ్మ పడుతుందా, బొరుసు పడుతుందా అని సునంద టీచరు గొంతు చించుకుంటోంది. ఏది పడినా తమకి ఒరిగేదేమీ లేదన్నట్టు పిల్లలు తూగుతున్నారు.

ఆవిడకి విసుగొచ్చింది. పుస్తకం మూసేసి, సుద్దముక్క తీసుకుని, నేల మీద అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గడులు గీసింది. నాలుగు అంచుల్లోనూ నడిమి గడికి ఇంటు గుర్తు పెట్టింది. మొన్న తీర్థంలో కొన్న గవ్వలు చేతిసంచీలోనే ఉండిపోయాయి. వాటిలో నాలుగు తీసి గచ్చు మీద గలగలలాడించింది. నిద్రలో ఉన్నవాళ్లంతా లేచి కూర్చున్నారు.

అష్టాచెమ్మా ఆ ఊరి పిల్లలకి ఒకరు నేర్పాల్సిన ఆట కాదు. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గడులు నడవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా ఇంకో పందెం వేసుకోవచ్చు. ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి మన కాయ వెళ్తే వాళ్ల కాయ చచ్చినట్టే, మళ్లీ మొదట్నించీ రావాలి. ఇంటు గడిలో కూర్చున్న కాయ జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. కనీసం ఒక్క కాయనైనా చంపినవాళ్లనే బయటి వరస దాటి లోపలి వరసలోకి రానిస్తారు. చంపనివాళ్లు బయటే తిరుగుతూ ఉండాలి. బోర్డుకి సరిగ్గా నడుమనున్న గడికి చేరిన కాయ పండినట్టు.

రెండు ఊరికే పడుతుంది, అష్టా ఎప్పుడోగాని పడదు, ఎందుకని ఆవిడ అడిగింది. వెనక బెంచీలోంచి నూకరత్నం లేచి నిలబడింది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే నాలుగో వంతే పెద్దదని ఏడాది పొడుగునా వాదించిన పిల్ల అది.

"నాలుగూ బోర్లా పడ్డానికి ఒకటే దారండి," అంది నూకరత్నం. "రెండు పడ్డానికైతే గవ్వల్ని జతలు కట్టుకోవచ్చండి. ఇదీ అదీ, ఇదీ ఇంకోటీ, అలా కట్టుకుంటా పోతే ఆరు జతలండి. ఆరు దార్లున్నది ఎక్కువసార్లు రాదా అండి మరి?"

సునంద టీచరుకి ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడకి అలా అయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పిల్లని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. క్లాసు కాబట్టి ఊరుకుంది. పిల్లలంతా ఒకేసారి మాట్లాడుతూ, నవ్వుతూ, చెమ్మాకి ఎన్ని దారులో మూడుకి ఎన్ని దారులో వేళ్లు మడిచి లెక్కలు కడుతున్నారు.

సరిగ్గా అప్పుడే బయట జీపు ఆగింది.

దిగినవారు గరుడాచలంగారు. జిల్లాకి విద్యా నవోన్మేష ప్రత్యేకాధికారి. ఆయన నిజానికి మరుగుదొడ్ల ఫోటోలు తీయించడానికి వచ్చారు. లెక్కల క్లాసులోంచి నవ్వులు వినబడేసరికి ఏదో అవకతవక జరుగుతోందని అనుమానించి లోపలికి అడుగుపెట్టారు. నేల మీద గడులు చూశారు, గవ్వలు చూశారు, పిల్లల ముఖాలు చూశారు. సునంద టీచరు లేచి, భయపడుతూనే విషయం చెప్పింది.

"అమ్మా, ఇది కేవలం ఆట కాదు. ఇదొక విధానం," అన్నారు గరుడాచలంగారు చాలాసేపు కళ్లు మూసుకుని. "దీనిని ఒక ఉపాధ్యాయిని చేతిలో వదిలివేయుట క్షేమకరం కాదు."

ఆ క్షణంలో ఆవిడ చీపురు తీసుకుని ఆ గడులు చెరిపేసి ఉంటే జిల్లా బాగుపడేది. చెరపలేదు సరికదా, పొంగిపోయింది. పాపం, ఆవిడకేం తెలుసు.

ఆ పిల్లలు పదో తరగతికి వచ్చిన జూన్‌లో క్రీడానంద గణిత పథకం మొదలైంది. జిల్లా కేంద్రంలో సభ పెట్టి సునంద టీచరుకి శాలువా కప్పారు. కప్పినవాళ్లెవరూ ఆవిడని ఒక్క ముక్క అడగలేదు. పథకానికి స్ఫూర్తి మాత్రమే కావాలి, సలహా అక్కర్లేదు. బడులన్నిటికీ ఫ్లెక్సీ మీద అచ్చువేసిన ఆటబోర్డులు, ప్లాస్టిక్ గవ్వలు వచ్చాయి. కాయలు పండే నడిమి గడిలో గరుడాచలంగారు రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతున్న ఫోటో ఉంది. వాటి వెనకే ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త ఉన్నత పాఠశాలలకు తెలియజేయునది ఏమనగా, గణితమును ఇకమీదట అష్టాచెమ్మా ద్వారా మాత్రమే బోధింపవలెను. తరగతిలోని ప్రతి విద్యార్థి యొక్క కాయ పండిన పిదప మాత్రమే తదుపరి పాఠమునకు పోవలెను. నల్లబల్లపై లెక్కలు చేయించుట ఆనందమునకు భంగకరమగుటచే నిషేధింపబడినది."

సునంద టీచరు ఉత్తర్వు పట్టుకుని హెడ్మాస్టరు ముక్తేశ్వరంగారి దగ్గరికి పరిగెత్తింది. సంభావ్యతకి గవ్వలు బాగానే ఉంటాయి, త్రికోణమితికి గవ్వలతో ఏం చెయ్యను సార్ అని అడిగింది. ముక్తేశ్వరంగారు ఆ ఏడాదే రిటైరు కావాలి. ఉత్తర్వు అన్న మాట వినబడితే కుర్చీలోంచి లేచి నిలబడే మనిషి.

"అది మనం ఆలోచించే విషయం కాదమ్మా," అన్నారాయన నిలబడే. "వాళ్లు ఆలోచించకుండా ఇంత పొడుగు ఉత్తర్వు ఎలా రాస్తారు?"

ఆయన బెంగ వేరు. పిల్లలు ఫోటోలోని పెద్దాయన ముఖం మీద కాయలు పెడితే అది అవిధేయత కిందికి వస్తుందా రాదా అని ఆయన రెండు రోజులు అన్నం సయించక తిరిగారు. ముక్కు మీద కాకుండా చేతుల దగ్గర పెట్టమని పిల్లలకి చెప్పమన్నారు.

మొదట్లో నడక బాగానే సాగింది. పిల్లలు ఆటలో చెయ్యి తిరిగినవాళ్లు. చంపేవాళ్లు చంపుతున్నారు, చచ్చేవాళ్లు చస్తున్నారు, లోపలికి దూరేవాళ్లు దూరుతున్నారు. ఆ లెక్కన ఒక వారంలో అందరి కాయలూ పండేవి, రెండో పాఠం మొదలయ్యేది. ఈలోగా పక్క మండలంలో ఒక పిల్లవాడు కాయ చచ్చిపోయిందని ఏడుస్తూ ఇంటికి వెళ్లాడు. వాళ్ల నాన్న అర్జీ పెట్టాడు. వెంటనే నిపుణుల సంఘం వేశారు.

సంఘం మొదట చంపుట అన్న మాట మీద కూర్చుంది. విద్యాలయాల్లో అలాంటి మాట వినబడకూడదని తీర్మానించి, దానికి పునఃప్రస్థానం అని పేరు పెట్టింది. సాయంత్రానికి ఎవరికో అనుమానం వచ్చింది. పేరు మార్చినా పిల్లవాడి కాయ వెనక్కి పోతూనే ఉంది కదా అన్నారు. దాంతో అసలు చంపడమే ఎత్తేశారు. రెండు కాయలు ఒకే గడిలో తారసపడినచో సామరస్యముగా సహజీవనము చేయవలెను అని రాశారు. అదే కాగితంలో కింద, ప్రాచీనమైన ఈ ఆట యొక్క సంప్రదాయమును కాపాడు నిమిత్తము తక్కిన నియమములన్నియు యథాతథముగా కొనసాగును అని కూడా రాశారు. పై వాక్యం రాసింది బాలల సంక్షేమం చూసేవారు. కింది వాక్యం రాసింది సంస్కృతి చూసేవారు. ఇద్దరూ వేరు వేరు గదుల్లో కూర్చుంటారు.

సంఘంలో ఒక విశ్రాంత ఆచార్యులవారు కూడా ఉన్నారు. అన్నీ తీర్మానించాక కూడా ఆయన లేవలేదు. నాలుగు గవ్వలూ బోర్లా పడితే పడినది సున్నా, సున్నాను ఎనిమిదిగా లెక్కించడం గణితానికే కళంకం అని పట్టుబట్టారు. మిగతావాళ్లు సంతకాలు పెట్టేశారు. అష్టా రద్దయింది. సున్నా పడితే సున్నాయే, ఇంకో పందెం కూడా లేదు. ఆట పేరు మాత్రం అష్టాచెమ్మాగానే ఉంచారు, ఫ్లెక్సీలు అచ్చయిపోయాయి కనక.

సవరణలు వచ్చిన మూడో రోజున నూకరత్నం గవ్వలు కింద పెట్టేసింది. ఎందుకాపావని సునంద టీచరు అడిగింది.

"ఇది అవదండి," అంది నూకరత్నం. "సంపితేనే లోపలికి ఎల్లాలి. సంపకూడదు. అంటే ఎవరూ లోపలికి ఎల్లరు. లోపలికి ఎల్లకపోతే కాయ పండదు. పందేలు ఎన్నేసినా గవ్వలతో పనేం లేదండి దీనికి."

లెక్కల భాషలో దాన్ని నిరూపణ అంటారు. పదో తరగతి పిల్లల చేత నిరూపణ రాయించాలంటే మాస్టర్ల తల ప్రాణం తోకకి వస్తుంది. ఈ పిల్ల నిలబడి నోటితో చెప్పేసింది. సునంద టీచరుకి ఒకపక్క గర్వంతో కళ్లు చెమర్చాయి, ఇంకోపక్క గుండె జారింది. కాయ పండకపోతే రెండో పాఠం లేదు. రెండో పాఠం లేకపోతే మార్చిలో పరీక్షలో ఈ పిల్ల ఏం రాస్తుంది?

ఆవిడ ఆ నిరూపణని నాలుగు వాక్యాల్లో రాసి జిల్లా కార్యాలయానికి పంపింది. గరుడాచలంగారు స్వయంగా ఫోన్ చేశారు. గొంతులో ఆనందం ఉప్పొంగుతోంది.

"మీరు సమస్య అనుకుంటున్నదే మా లక్ష్యం అమ్మా. ఎవరూ ఓడని ఆట. ఎన్నటికీ ముగియని అభ్యసనం. ఇంత గొప్ప ఫలితం వస్తుందని మేము సైతం ఊహించలేదు. ఇది పాఠశాలలోనే నిరూపితమైనదని పై అధికారులకు నివేదిస్తున్నాము."

అప్పట్నించి జిల్లాలోని పదో తరగతి పిల్లలంతా బోర్డు బయటి వరస చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పండిన కాయలు లేవు కాబట్టి యాప్‌లో నడిచిన గడులు నమోదు చేయమన్నారు. ఆ లెక్కన చూస్తే రాష్ట్రంలో మన జిల్లా కాయలు నడిచినంత దూరం ఇంకెక్కడా నడవలేదు. పేపర్లో వార్త కూడా వచ్చింది. ముక్తేశ్వరంగారు ఒక్కరికే మనసు కుదుటపడింది. పెద్దాయన ముఖం మీద కాయ పెట్టే పాపం తన బడికి తప్పిపోయిందని ఆయన ఇంట్లో కొబ్బరికాయ కొట్టించారు.

ఒక సాయంత్రం బడి వదిలే వేళకి నూకరత్నం వాళ్లమ్మ సత్తెమ్మ వచ్చింది. ఆవిడ జీడిపప్పు బట్టీలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తుంది. పిక్కల జిడ్డుకి వేళ్లన్నీ నల్లగా కమిలిపోయి ఉంటాయి. ఇంటి పని కింద పిల్లలు తల్లిదండ్రులతో ఆడాలని ఉత్తర్వు ఉండడంతో ముందురోజు ఆవిడ కూతురితో ఆడి, అలవాటు కొద్దీ రెండు కాయలు చంపేసింది. ఆ సంగతి యాప్‌లో నమోదు కావడంతో మర్నాడు బడి నుంచి, గృహంలో హింసను ప్రోత్సహించరాదు అని చీటీ వెళ్లింది. ఆవిడ ఆ చీటీ చదివించుకుని వచ్చింది.

"నేనెవర్నీ సంపలేదండి," అంది సత్తెమ్మ. తరవాత గొంతు తగ్గించింది. "అది కాదండీ టీచరుగారూ. దసరా ఎల్లిపోయింది, దీనికి ఇంకా ఒకటో పాఠమే అంటంది. పది తప్పితే నాతోపాటు బట్టీకి రావాలి, ఇంకో దారి లేదు మాకు. దాని చేతులు ఇలా అవ్వడం నాకిష్టం లేదండి."

ఆవిడ తన చేతులు ముందుకి చాపింది. సునంద టీచరు వాటిని చూసి తల దించుకుంది. తను గీసిన గడులు ఈ తల్లి నెత్తి మీదికి వచ్చాయని ఆవిడకి ఏడుపొచ్చింది. మీ అమ్మాయి తప్పదు, నాదీ పూచీ అని మాటిచ్చి పంపింది.

మర్నాటి నుంచి వేగిలపాడు హైస్కూల్లో దొంగతనంగా లెక్కలు జరిగాయి. పూర్వం పిల్లలు పాఠ్యపుస్తకం కింద ఆట దాచుకునేవారు. ఇప్పుడు ఆటబోర్డు కింద పాఠ్యపుస్తకం దాచుకున్నారు. కిటికీ పక్క కూర్చున్నవాళ్లు రోడ్డు మీద ఓ కన్నేసి ఉంచేవారు. జీపు దుమ్ము కనబడగానే వర్గ సమీకరణాల మీద ఫ్లెక్సీ పరుచుకునేది, గవ్వలు గలగలలాడేవి. పాపం, పిల్లలు ఆ ఏడాది లెక్కలు నేర్చుకున్నంత ఇష్టంగా ఏ ఏడాదీ నేర్చుకోలేదు. వద్దన్న పని కదా మరి. శ్రేఢుల పాఠం మధ్యలో ఆపి ఇంటికి పొమ్మంటే, ఇంకొక్క లెక్క అని బతిమాలేవారు. ముక్తేశ్వరంగారికి సంగతి తెలుసు. ఆ గది వైపు వెళ్లాల్సి వస్తే దూరం నుంచే దగ్గుతూ వెళ్లేవారు.

డిసెంబరులో పిడుగు పడింది. పథకాన్ని రాష్ట్రమంతా విస్తరించాలని నిర్ణయమైంది. దానికి ఆద్యురాలైన సునంద టీచరుని రాష్ట్రస్థాయి ప్రేరకురాలిగా నియమించారు. ఎల్లుండి నుంచే వెళ్లి, విద్యా సంవత్సరం ముగిసేదాకా ఊరూరా ఉపాధ్యాయులకి శిక్షణ ఇవ్వాలి. ఆవిడ స్థానంలో ఎవరినీ వేయలేదు. బోర్డు చుట్టూ కాయలు తిప్పించడానికి లెక్కల టీచరు దేనికి?

నేను వెళ్లలేను సార్, పిల్లలకి సగం పాఠాలే అయ్యాయి అని ఆవిడ ముక్తేశ్వరంగారితో మొరపెట్టుకుంది. గౌరవం కాదనడానికి నిబంధనల్లో చోటు లేదమ్మా అన్నారాయన. పథకాన్ని ఉల్లంఘించినట్టు రికార్డులో మచ్చ పడ్డవాళ్లే అనర్హులట. నీకెక్కడిది మచ్చ, బంగారంలాంటి రికార్డు అని ఓదార్చారు.

మర్నాడు రాష్ట్ర బృందం చూడడానికి వచ్చింది. బడి ఆవరణలో షామియానా వేశారు. ప్రదర్శన ఆటలో ఒకవైపు గరుడాచలంగారు, మరోవైపు నూకరత్నం. పడ్డ పందేన్ని మైకులో ప్రకటించే పని సునంద టీచరుది. కాయలు ఎప్పటిలాగే ప్రదక్షిణం చేస్తున్నాయి. గరుడాచలంగారు ఒక్కో అడుగు వేసి బృందం వైపు చూసి చిరునవ్వు నవ్వుతున్నారు. నడిమి గడిలోంచి కూడా ఆయనే నమస్కారం పెడుతున్నారు.

ముందురోజు సాయంత్రం నూకరత్నం టీచరు దగ్గరికి వచ్చింది. మీరెల్లిపోతన్నారంట కదండీ అని మాత్రం అంది. ఆ తరవాత వాళ్లమ్మతో బట్టీ మేస్త్రీ దగ్గరికి వెళ్లి వచ్చిందని పిల్లలు చెప్పారు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని తల వంచుకుని గవ్వలు కలుపుతోంది. సునంద టీచరు ఆ వేళ్లు చూసింది. ఇంకా నల్లబడలేదు.

నూకరత్నం గవ్వలు వేసింది. నాలుగూ బోర్లా పడ్డాయి.

నూకరత్నం కాయ ఒక మూల గడిలో ఉంది. గరుడాచలంగారి కాయ సరిగ్గా ఎదురు మూల గడిలో ఉంది. మూలలకి ఇంటు గుర్తు ఉండదు. ఈ మూల నుంచి ఆ మూలకి ఎనిమిది గడులు. సున్నా అనే మాట సునంద టీచరు నాలుక చివరే ఉంది. అది అనేస్తే ఆట సాగిపోతుంది, ఆవిడ రేపు కారెక్కుతుంది, ఈ పిల్ల ఏప్రిల్లో బట్టీలో కూర్చుంటుంది. షామియానా కింద అంతా ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. ఆవిడ మైకు దగ్గరికి జరిగింది.

"అష్టా," అంది సునంద టీచరు.

నూకరత్నం తలెత్తి చూసింది. ఒక్క క్షణమే. తరవాత కాయ పుచ్చుకుని నడిపించింది. వెనక కూర్చున్న పదో తరగతి మొత్తం, ఎవరూ చెప్పకుండానే, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర నూకరత్నం అధికారిగారి కాయ తీసి, రెండు చేతులతో మర్యాదగా ఆయన చేతిలో పెట్టింది.

"మీ కాయ సచ్చిపోయిందండి," అంది. గవ్వలు మళ్లీ చేతిలోకి తీసుకుని, "నాకింకో పందెం ఉందండి," అంది.

బృందంలో ఒక పెద్దాయన చిన్నప్పటి అలవాటు కొద్దీ భలే అనేసి, తర్వాత గట్టిగా దగ్గి సర్దుకున్నారు. ముక్తేశ్వరంగారు కుర్చీలోనే కూలబడిపోయారు. గరుడాచలంగారు అరచేతిలో ఉన్న తన కాయని అలా చూస్తూ ఉండిపోయారు. ఆయన సర్వీసులో ఎన్నడూ మొదటి గడికి పోలేదు.

ఉత్తర్వు రావడానికి వారం పట్టింది. ముక్తేశ్వరంగారు దాన్ని నిలబడి చదివారు.

"సదరు పాఠశాలలో రద్దయిన అష్టాను బహిరంగముగా ఉచ్చరించుటయు, ఉన్నతాధికారి సమక్షమున, వారి కాయనే చంపుటయు మిక్కిలి గర్హనీయములు. ఉపాధ్యాయిని సునంద వార్షిక ఇంక్రిమెంటును నిలిపివేయుటయే గాక, ప్రేరకురాలి పదవికి అనర్హురాలిగా ప్రకటించడమైనది. సదరు పాఠశాల క్రీడానందమును అనుభవించు హక్కును కోల్పోయినది. అక్కడి విద్యార్థులు ఆటవస్తువులను ముట్టరాదు. వారు శిక్షగా సంవత్సరాంతము వరకు నల్లబల్లపై లెక్కలు మాత్రమే చేయవలెను."

ఎంత పనైందమ్మా అని ముక్తేశ్వరంగారు తల పట్టుకున్నారు. సునంద టీచరు చివరి వాక్యం ఇంకోసారి చదవమంది. ఆయన చదివారు. రెండోసారి నల్లబల్ల అన్న మాట దగ్గర ఆగి ఆగి చదివారు. మూడోసారి ఆవిడ అడక్కుండానే చదివారు. ఇంక్రిమెంటు పోయినందుకు ఆవిడకి బాధ లేకపోలేదు, ఇంటి వాయిదాలు ఎలా కట్టాలో ఆ రాత్రి మొగుడితో కూర్చుని లెక్కలు వేసుకుంది. అయినా మర్నాడు నల్లబల్ల తుడుస్తుంటే ఆవిడకి పండగ పూట ఇల్లు కడుగుతున్నట్టే అనిపించింది.

సంగతి జిల్లా అంతా పాకింది. ఏం తప్పు చేస్తే మాకూ ఈ శిక్ష పడుతుందని లెక్కల మాస్టర్లు ఆవిడకి ఫోన్లు చేశారు. జనవరిలో పక్క మండలంలో రెండు బడుల్లో కాయల్ని చంపేశారు. కార్యాలయం వాళ్లు తెలివిమీరి, ఆ బడులకి క్షమాభిక్ష పెట్టారు.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక వేగిలపాడులో మళ్లీ కరెంటు పోయింది. పిల్లలు చివరి పాఠానికి వచ్చారు. సంభావ్యత. నూకరత్నం కొంగు ముడిలోంచి తీసినట్టు చున్నీ ముడిలోంచి నాలుగు గవ్వలు తీసి బల్ల మీద పెట్టింది. ఆటవస్తువులు ముట్టరాదన్న సంగతి అందరికీ తెలుసు. సునంద టీచరు కిటికీలోంచి రోడ్డు చూసింది, తలుపు గడియ పెట్టమంది, నేల మీద గడులు గీసింది. ఆ ఏడాది సవరణలు వచ్చాక జిల్లాలో పండిన మొదటి కాయ ఆ గదిలో పండింది.

నూకరత్నం లెక్కల్లో అరవై ఒకటి తెచ్చుకుని పాలిటెక్నిక్‌లో చేరింది. సత్తెమ్మ బట్టీలో జీడిపప్పు కొని టీచరుకి తెచ్చిచ్చింది. జిల్లాలో ఆ ఏడాది లెక్కల్లో పాసైనవాళ్లు ఎక్కువగా ఎక్కడున్నారని కార్యాలయం ఆరా తీస్తే, శిక్షపడ్డ ఒక్క బడిలోనే తేలారు. ఇందులో ఏదో విధానం ఉందని గరుడాచలంగారికి స్ఫురించింది.

కొత్త ఏడాది, కొత్త పదో తరగతి. భోజనాలయ్యాక సునంద టీచరు నేల మీద గడులు గీసింది. పిల్లలు గొడవ గొడవగా దారులు లెక్కపెడుతుండగా రోడ్డు మీద జీపు చప్పుడయింది. శిక్షానంద గణిత పథకం అనే బ్యానరు, ఒక కొత్త శాలువా పట్టుకుని గరుడాచలంగారు వస్తున్నారని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు.

ఈసారి ఆవిడ చీపురు అందుకుంది. గడులు చెరిపేసింది. గవ్వలు సంచీలో వేసుకుంది. నల్లబల్ల కూడా శుభ్రంగా తుడిచేసింది.

"తలలు వాల్చండి," అంది పిల్లలతో. "ఒక్కరు కూడా నవ్వకూడదు."

గరుడాచలంగారు గుమ్మంలో నిలబడి చూశారు. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి ఉన్నారు. వెనక బెంచీలో ఎవరో సన్నగా గురక కూడా పెడుతున్నారు. టీచరు కుర్చీలో ఆవులిస్తోంది. ఆయన చాలాసేపు వెతికారు. ఎక్కడా ఏ విధానమూ కనబడలేదు.

"ఇక్కడ అంతా సక్రమంగానే ఉన్నది," అని నిట్టూర్చి, మరుగుదొడ్లు ఎటువైపని అడిగి వెళ్లిపోయారు.

జీపు మలుపు తిరిగేదాకా ఆగి, సునంద టీచరు సుద్దముక్క తీసుకుని నేల మీద వంగింది.

"ఊఁ, లేవండి," అంది. "పందెం ఎవరిది?"